కనబడని గ్రహణానికి తలుపులు మూశాం, కనబడే గ్రహణానికి ఏం చేస్తున్నాం?

2022 అక్టోబరు 25, దీపావళి మర్నాడు. ఊరి పేరు అప్పటికింకా పోర్ట్ బ్లెయిర్; శ్రీ విజయపురంగా మారింది 2024 సెప్టెంబరులో. సాయంత్రం అయిదు దాటింది. మా పక్కింటావిడ కిటికీలన్నీ మూసి, ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, మనవల్ని గదిలో కూర్చోబెట్టి, నేను వీధిలో నిలబడి ఉండటం చూసి గాభరా పడింది.

“లోపలికి రండి మాస్టారూ, గ్రహణం పట్టింది” అంది.

“సూర్యుడే లేడు కదమ్మా, ములిగిపోయాడు.”

“మరి టీవీలో సూపిస్తన్నారు?”

టీవీలో చూపిస్తున్న మాట నిజమే. హైదరాబాద్‌లో ఆ పాక్షిక గ్రహణం 4 గంటల 59 నిమిషాలకు మొదలైంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ రోజు సూర్యుడు అస్తమించింది కూడా దాదాపు అప్పుడే. అండమాన్ నికోబార్ దీవుల్లోనూ, ఈశాన్య రాష్ట్రాల్లోని కొన్ని చోట్లా ఈ గ్రహణం కనబడదని కేంద్ర ప్రభుత్వ ప్రకటన ముందే చెప్పింది. ఆ ఒక్క వాక్యం మా వీధి దాకా రాలేదు. పట్టు, విడుపు స్నానాల వేళలు మాత్రం నిమిషాలతో సహా వచ్చాయి.

ఆవిడను చూసి నవ్వుకోవడానికి ఈ సంగతి చెప్పడం లేదు. తనకు అందిన సమాచారంతో మనవల్ని కాపాడుకోవడానికి ఏం చేయాలో అది చేసింది. తప్పు ఆ సమాచారం పంపిన వాళ్ళది, అందులో సైన్సు చెప్పే మాబోటి వాళ్ళం కూడా ఉన్నాం. తెలుగువాళ్ళందరికీ కలిపి ఒకే వేళ, ఒకే హెచ్చరిక చెప్పి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం. ఎక్కువ మంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు. చూసేది తెలుగు టీవీ. కానీ తలెత్తితే కనిపించే ఆకాశం హైదరాబాద్‌ది కాదు.

ఆ తేడా ఎంతో లెక్క వేసుకోవచ్చు. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తాయి. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మా సూర్యుడు గడియారం కంటే 41 నిమిషాలు ముందుంటాడు. హైదరాబాద్‌తో పోలిస్తే తేడా దాదాపు గంట. దీనివల్ల గ్రహణాల విషయంలో ఈ దీవులకు ఒక ప్రత్యేకత వచ్చింది. మిగతా దేశానికి సాయంత్రం ఆకాశంలో కాస్త ఎత్తున కనిపించే గ్రహణం మాకు సరిగ్గా సముద్రం అంచున ఉంటుంది, లేదా అసలే ఉండదు.

ఇప్పుడు రాబోయే దాని సంగతి. 2027 ఆగస్టు 2, సోమవారం. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం స్పెయిన్ దక్షిణం నుంచి ఉత్తర ఆఫ్రికా, సౌదీ అరేబియా, యెమెన్ మీదుగా సాగి హిందూ మహాసముద్రంలో ముగుస్తుంది. ఈజిప్టులోని లక్సర్ దగ్గర 6 నిమిషాల 20 సెకన్లకు పైగా సూర్యుడు పూర్తిగా కనుమరుగవుతాడు. భారతదేశమంతటా అది పాక్షిక గ్రహణమే. ఈ దీవుల్లో సాయంత్రం నాలుగు దాటాక మొదలై, అయిదు గంటల ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది. అప్పటికి సూర్యబింబం వ్యాసంలో దాదాపు మూడో వంతు చంద్రుడి వెనక ఉంటుంది. 5:45 ప్రాంతంలో సూర్యుడు సముద్రంలోకి దిగిపోతాడు. నిమిషాలతో సహా వేళలను కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ప్రకటిస్తుంది. ఆ పట్టికలో మన ఊరి వరుస చూసుకోవాలి, హైదరాబాద్ వరుస కాదు.

అయిదు గంటలకు సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడంటే, చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఎంతో అంత. అంటే సుమారు పది డిగ్రీలు. చూడటానికి అందంగా, నారింజ రంగులో, కంటికి హాయిగా ఉంటాడు. నాకు భయం అక్కడే.

2016 మార్చి 9న ఇండోనేషియా మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్ళింది. ఈ దీవుల్లో అది పొద్దున్నే, సూర్యుడు పైకి వస్తున్న వేళ, దాదాపు సగం బింబం మరుగున పడిన పాక్షిక గ్రహణం. నేను చదువు చెప్పిన తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఇంట్లో వాళ్ళ కన్నుగప్పి సముద్రం ఒడ్డుకు పోయి, మబ్బుల సందుల్లోంచి వట్టి కళ్ళతో చూశాడు. నాలుగు రోజుల తర్వాత, నల్లబల్ల మీద పదం చదువుతుంటే మధ్య అక్షరం మాయమవుతోంది సార్ అన్నాడు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారడం లేదు. “ఎండే లేదు కదా సార్, ఎర్రగా ఉన్నాడు, చూడొచ్చనుకున్నాను” అన్నాడు. ఆ మచ్చ పలచబడటానికి నెలలు పట్టింది. వాడికి ఇంట్లో చూడొద్దన్నారు, బడిలో చూడొద్దన్నారు, నేనూ చూడొద్దనే అన్నాను. ఎలా చూడాలో మాత్రం మాలో ఒక్కరం చెప్పలేదు.

కంట్లో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే “కళ్ళు పోతాయి” అనే మాట పిల్లల మీద పని చేయదు. భూతద్దంతో కాగితం కాల్చినట్టే కంటిలోని కటకం సూర్యుడి వెలుగును రెటీనా మధ్యభాగం మీద చిన్న చుక్కగా పోగేస్తుంది. మనం అక్షరాలు చదివేదీ, ముఖాలు గుర్తుపట్టేదీ సరిగ్గా ఆ భాగంతోనే. అక్కడ జరిగే హాని చాలావరకు వేడి వల్ల కాదు. తీవ్రమైన కాంతి, ముఖ్యంగా నీలి కాంతి, ఆ కణాల్లో తెచ్చే రసాయన మార్పుల వల్ల. రెటీనాలో నొప్పి తెలిపే నాడులు లేవు. కాబట్టి కాలుతున్నప్పుడు ఏమీ తెలియదు, గంటలు గడిచాక తెలుస్తుంది. పిల్లల కంటి కటకం పెద్దవాళ్ళ దానికంటే స్వచ్ఛంగా ఉంటుంది, కాబట్టి లోపలికి వెళ్ళే హానికర కాంతీ ఎక్కువే. దీనికి నమ్మకమైన మందు లేదు. చాలామందికి కొన్ని నెలల్లో చూపు చాలావరకు తేరుకుంటుంది, కొందరికి ఆ మచ్చ ఉండిపోతుంది.

1999 ఆగస్టు గ్రహణం తర్వాత ఇంగ్లాండులోని లెస్టర్ ఆసుపత్రికి 45 మంది ఇలాంటి ఫిర్యాదులతో వచ్చారు. ఏడు నెలల తర్వాత కూడా వాళ్ళలో నలుగురికి ఆ మచ్చ నీడలా కనబడుతూనే ఉంది. 2017 ఆగస్టు 21 గ్రహణాన్ని న్యూయార్క్‌లో చూసిన ఒక యువతి రెటీనాను వైద్యులు ఫొటో తీస్తే, కాలిన చోటు నెలవంక ఆకారంలో ఉంది. ఆమె చూసిన సూర్యుడి ఆకారం అదే. న్యూయార్క్‌లో ఆ రోజు ఉన్నది పాక్షిక గ్రహణమే అన్నది గుర్తుంచుకోండి. పాక్షికం అంటే తక్కువ ప్రమాదం అని అర్థం కాదు. సంపూర్ణ గ్రహణంలో బింబం మొత్తం మాయమైన ఆ కొద్ది నిమిషాలు వట్టి కంటితో చూడొచ్చు. పాక్షిక గ్రహణంలో అలాంటి క్షణం ఒక్కటీ ఉండదు. 2027లో భారతదేశంలో ఎక్కడున్నా, మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా వట్టి కళ్ళతో చూడకూడదు.

మరి దిగంతం మీద ఎర్రగా మారిన సూర్యుడి సంగతి? సూర్యుణ్ణి సూటిగా చూసే కళ్ళద్దాలకు ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం అద్దం నుంచి లోపలికి రావలసిన వెలుగు 0.0032 శాతం మించకూడదు. అంటే 31 వేల వంతుల్లో ఒక వంతు. ఇక సూర్యుడు పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఆ కాంతి నడినెత్తిన ఉన్నప్పటికంటే అయిదారు రెట్లు మందమైన గాలి పొర దాటి వస్తుంది. వాన కడిగిన శుభ్రమైన గాలిలో దాని వల్ల వెలుగు మూడు నుంచి అయిదు రెట్లు తగ్గుతుంది. కావలసింది ముప్పై వేల రెట్లు, దొరికింది అయిదు. రంగు మారడం వల్ల కన్ను మోసపోతుంది. నడినెత్తి సూర్యుడైతే రెప్ప తనంతట తానే పడిపోతుంది, ఎర్ర సూర్యుణ్ణి మాత్రం నిమిషాల కొద్దీ చూస్తూ ఉండిపోగలం. అందుకే మా దీవులకు వచ్చే గ్రహణం మిగతా దేశం కంటే కాస్త ఎక్కువ ప్రమాదం అంటాను. ఆ గంటలో ఒడ్డున ఉండేవాళ్ళు సూర్యాస్తమయం చూడటానికే వచ్చి ఉంటారు మరి.

పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు కలిపి, అందులో గ్రహణం చూడటం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. సూటిగా చూడకుండా మరో దారి వెతికిన ఆ ఆలోచన నాకు ఇష్టమే. లెక్క మాత్రం ఒప్పుకోదు. సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు నీటి ఉపరితలం సుమారు 2 శాతం వెలుగును తిప్పి పంపుతుంది. అది ప్రమాణం అనుమతించే దానికి ఆరు వందల రెట్లు. సూర్యుడు వాలేకొద్దీ నీరు అద్దంలా మారుతుంది. పది డిగ్రీల ఎత్తులో మూడో వంతుకు పైగా వెలుగు తిరిగొస్తుంది. గాలి తగ్గించినది తీసేసినా, అనుమతికి రెండు వేల రెట్లకు పైనే. పసుపు కలపడం వల్ల లాభం లేదు, ఎందుకంటే ప్రతిబింబం నీటి పైపొర నుంచి వస్తుంది, పసుపేమో నీటి లోపల ఉంటుంది. సముద్రం మీద తళతళలాడే దారిని చూడటం కూడా ఇదే కోవ. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, సీడీ, నల్ల కళ్ళద్దాలు ఒకటి మీద ఒకటి పెట్టుకోవడం, ఇవన్నీ కూడా వద్దు. వెలుగు తగ్గినట్టు అనిపిస్తుంది, కంటికి కనబడని పరారుణ కిరణాలు లోపలికి పోతూనే ఉంటాయి. (రోకలి నిలబడటం గురించి అడిగేవాళ్ళు తప్పక ఉంటారు. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. దానివల్ల కంటికి ఏ ప్రమాదమూ లేదు కాబట్టి నేను దాని జోలికి వెళ్ళను.)

ఇంత చెప్పాక, “అయితే మంచి కళ్ళద్దాలు తెప్పించి పంచితే సరిపోతుంది కదా” అంటారు. సరిపోదన్నదే నా వాదన.

విశాఖ నుంచి ఇక్కడికి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం, ఓడలో రెండు మూడు రోజులు. గ్రహణం వారం ఉందనగా దేశమంతా కళ్ళద్దాలకు ఎగబడుతుంది. అప్పుడు ఆర్డరు పెట్టినవి గ్రహణం అయిపోయాక మా చేతికి వస్తాయి. నికోబార్‌కో, డిగ్లీపూర్‌కో చేరడం ఇంకా ఆలస్యం. ముందే తెప్పించి దాచుకుంటే ఇక్కడి తేమ, ఉప్పు గాలి అట్టను మెత్తబరుస్తాయి, ఫిల్ము అంటించిన చోట ఊడిపోతుంది. గీత పడినా, చిల్లు పడినా, అంచు ఊడినా ఆ కళ్ళద్దాలు పారేయవలసినవే. గాలి చొరని డబ్బాలో, బియ్యంలో పెట్టినట్టు తేమ పీల్చే పొట్లంతో దాచుకోవాలి. పరీక్షించడం సులువే. అవి పెట్టుకుని ఇంట్లో ట్యూబులైటు వంక చూడండి. గదిలో కుర్చీలు, తలుపులు, మనుషులు కనిపిస్తే అవి నకిలీవి. సూర్యుడు తప్ప మరేదీ కనిపించకూడదు. వెల్డింగు షాపులో దొరికే గాజైతే 14వ నంబరుది కావాలి. వెల్డర్లు మామూలుగా వాడేవి అంతకంటే పలచనివి.

ఇంకో చిక్కు కూడా చూశాను. రెండు వందల మంది పిల్లలకు పది జతల కళ్ళద్దాలు ఉన్న చోట ఒక్కొక్కరికీ అయిదు సెకన్లు. వరసలో నిలబడ్డ నూట తొంభై మంది ఏం చేస్తారు? తలెత్తి చూస్తారు. పంపిణీ ఫొటోలో మాత్రం పది మందే పడతారు. కళ్ళద్దాలు వద్దనను, ఉంటే ఎంతో మంచిది. వాటితో బైనాక్యులర్ లోంచి చూడకూడదని కూడా అదే నోటితో చెప్పాలి. ఇక్కడ పడవల మీద, పర్యాటకుల మెడల్లో బైనాక్యులర్లు ఎక్కువ. అవి పోగేసిన వెలుగు ఆ ఫిల్మును క్షణంలో కాల్చేస్తుంది. ఫిల్టరు ఉండవలసింది దుర్భిణి ముందు, కంటి ముందు కాదు.

నేను నమ్మేది వీపు సూర్యుడి వైపు పెట్టి చూసే పద్ధతిని. ఒక అట్టలో సూది బెజ్జం, దానికి ఎదురుగా తెల్ల కాగితం, అంతే. బెజ్జం నుంచి కాగితం ఎంత దూరమో, దానిలో 109వ వంతు వెడల్పున సూర్యుడి బొమ్మ పడుతుంది. మీటరు దూరానికి 9 మిల్లీమీటర్లు, రెండు మీటర్లకు 18. చిన్నదే, కానీ కొరుకుడు స్పష్టంగా తెలుస్తుంది. గుంపుకు చూపాలంటే చేతి అద్దం తీసుకుని, నల్ల కాగితం అంటించి, మధ్యలో 5 మిల్లీమీటర్ల కంత వదలండి. ఎండలో దాన్ని కదలకుండా నిలబెట్టి, పది మీటర్ల దూరంలో చీకటి గది గోడ మీదకు వెలుగు పంపితే సూర్యుడు 9 సెంటీమీటర్ల బొమ్మగా కనిపిస్తాడు. తరగతి మొత్తం కూర్చుని చూడొచ్చు, ఒక్కరూ ఆకాశం వైపు చూడనక్కర్లేదు. ఆ వెలుగు గీత పిల్లల తలల కంటే పైనుంచి వెళ్ళేలా చూసుకోవాలి, ఎవరూ అద్దంలోకి చూడకూడదు. సూర్యుడు బాగా వాలి ఉంటాడు కాబట్టి మాకు అద్దం కూడా అక్కర్లేకపోవచ్చు. పడమటి కిటికీకి అట్ట కట్టి కంత పెడితే చాలు. పలకల గోడల పాత ఇళ్ళలో మేకు ఊడిన కంతలే ఆ పని చేస్తాయి, సాయంత్రం తూర్పు గోడ మీద పడే ఆ వెలుగు బిళ్ళలు సూర్యుడి బొమ్మలే. రోజూ చూస్తూనే ఉంటాం, గుండ్రంగా ఎందుకున్నాయని అడగం.

బడిలో మొదటి పాఠం అక్కడే మొదలుపెట్టాలని నా ఉద్దేశం, అదీ గ్రహణం లేని రోజున. ఒక అట్టలో చిన్న చదరపు కంత, మరోదానిలో త్రికోణం, ఇంకోదానిలో వంకర కంత చేయించండి. దగ్గరగా పట్టుకుంటే కంత ఆకారమే పడుతుంది. దూరం జరిపేకొద్దీ మూడూ గుండ్రంగా మారతాయి. నేల మీద పడుతున్నది కంత కాదు, సూర్యుడని పిల్లలు తమ చేతులతో తేల్చుకుంటారు. అది తేలిన పిల్లాడికి గ్రహణం రోజు ఆ గుండ్రాలు ఎలా మారతాయో ఊహించడం వచ్చేస్తుంది. వాడు తలెత్తి చూడడు, ఎందుకంటే చూడవలసింది నేల మీదే ఉందని వాడికి తెలుసు. భయపెట్టి తల దించిన వాడికీ వీడికీ తేడా ఉంది.

నేత్రవైద్యులైన నా మిత్రులు ఈ మాటతో పూర్తిగా ఏకీభవించరు. “ఎలా చూడాలో చెప్తే, సగం విని తప్పుగా చూస్తారు. చూడొద్దని చెప్పడమే మేలు” అంటారు. వాళ్ళ దగ్గరకు వచ్చేది దెబ్బ తగిలాకే కాబట్టి ఆ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. కానీ ‘చూడొద్దు’ అనే ప్రయోగం మన దేశం ఒకసారి పెద్ద ఎత్తున చేసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం కర్ణాటక, తెలుగునేల, ఒడిశాల మీదుగా వెళ్ళింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలో ఉంది, అక్కడ శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. బయట మాత్రం వీధులు నిర్మానుష్యం. జనాన్ని ఇంట్లో ఉంచడానికి ఆ మధ్యాహ్నం దూరదర్శన్ సినిమా వేసింది. ఆ తరం వాళ్ళను అడిగితే చాలామందికి సినిమా గుర్తుంది. మధ్యాహ్నం పూట నక్షత్రాలు కనబడిన ఆకాశం గుర్తున్నవాళ్ళు తక్కువ. ఇంట్లో కూర్చున్నవాళ్ళ కళ్ళు క్షేమమే, కాదనను. కానీ తర్వాతి గ్రహణాన్ని ఎలా చూడాలో తమ పిల్లలకు వాళ్ళేం నేర్పగలరు?

ముందుగా సిద్ధమవడం అంటే ఏమిటో తెలుగునేలకు అంతకు వందేళ్ళ ముందే తెలుసు. 1868 ఆగస్టు 18 గ్రహణం కోసం ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ వారాల ముందే గుంటూరు చేరి పరికరాలు బిగించుకున్నాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో, అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో కాచుకున్నారు. సూర్యుడిలో కనిపించిన ఆ కొత్త పసుపు గీత హీలియం మూలకానిదని తర్వాత తేలింది. ఆ నీడ మచిలీపట్నం దాటాక ఎటు పోయిందో మన పుస్తకాలు పెద్దగా చెప్పవు. బంగాళాఖాతం దాటి, మా అండమాన్ సముద్రం మీదుగా సయాం చేరింది. అక్కడ మాంగ్‌కుట్ రాజు తానే లెక్క కట్టి, నీడ పడే చోటు ముందే చెప్పి, అడవి అంచున విడిది కట్టించి, విదేశీ అతిథులను పిలిచి మరీ చూపించాడు. లెక్క సరిపోయింది. కానీ ఆ విడిదిలో దోమలు కుట్టి మలేరియా సోకి అక్టోబరు 1న మరణించాడు. సాయంత్రం పూట ఒడ్డున గంటన్నర నిలబడబోయే మాకు ఈ కథలో రెండో భాగం కూడా పనికొస్తుంది. ఒడోమాస్ మరిచిపోకండి.

ఆగస్టు అంటే నైరుతి రుతుపవనాలు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఆ సాయంత్రం మబ్బు పట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పట్టే అవకాశమే ఎక్కువ. దానికి ఇంత హడావిడి ఎందుకని అడగొచ్చు. మబ్బు చాటున దాగుడుమూతలాడే సూర్యుడే అన్నిటికంటే ప్రమాదం. పలచని మబ్బులోంచి చల్లగా చూస్తుండగా ఒక్కసారి తెర తొలగుతుంది. పైగా ఈ పని ఒక్క రోజు కోసం కాదు. 2031 మే 21న వలయాకార గ్రహణం కేరళ, తమిళనాడు, శ్రీలంక దాటి నికోబార్ పరిసరాల మీదుగా మలేషియా వైపు వెళ్తుంది. అది మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చేది, ఈ దీవులకు చాలా పెద్ద గ్రహణం. 2027లో ఆరో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి పదో తరగతి. మొదటిసారి మబ్బు కమ్మినా, చెయ్యి నేర్చిన పని మిగులుతుంది.

సోమవారం కాబట్టి బడులు తెరిచే ఉంటాయి. గ్రహణం ఉందని మధ్యాహ్నమే ఇళ్ళకు పంపేసే ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి ఆగమని కోరతాను. ఇంటికి వెళ్ళే దారిలో, ఏ పెద్దలూ పక్కన లేకుండా, నాలుగున్నరకు ఆ పిల్లలు ఎక్కడ ఉంటారో ఆలోచించండి. సాయంత్రం దాకా బడిలోనే ఉంచి, గోడ మీద సూర్యుణ్ణి చూపించి పంపడం క్షేమం. ఊళ్ళో సైన్స్ సెంటర్ ఉంది, తెలుగు మాధ్యమం బడులున్నాయి, జంగ్లీఘాట్ లాంటి మత్స్యకార వాడల్లో సంఘాలున్నాయి. ఉపాధ్యాయులకు ఒక్క పూట శిక్షణ, తెలుగులో ఒక పేజీ కరపత్రం, అందులో ఈ దీవుల వేళలు. అడిగేది ఇంతే, ఖర్చు కూడా పెద్దగా లేదు.

చోటు మాత్రం ముందే చూసుకోవాలి. 2016లో పొద్దుటి గ్రహణానికి తూర్పున ఉన్న కార్బిన్స్ కోవ్ బాగుంది, 2027కు అక్కడ నిలబడితే సూర్యుడు కొండ వెనక ఉంటాడు. పడమర తెరిపిగా ఉన్న చిడియా టాపు, వండూర్, హేవ్‌లాక్‌లో రాధానగర్ లాంటి చోట్లు కావాలి. ఆగస్టు మొదట్లో సూర్యుడు నేరుగా పడమరన దిగడు, 18 డిగ్రీలు ఉత్తరానికి జరిగి దిగుతాడు. ఏ ఏడాదైనా ఆగస్టు 2న సాయంత్రం అయిదింటికి సూర్యుడు ఆకాశంలో దాదాపు అదే చోట ఉంటాడు. కాబట్టి ముందు ఏడాది అదే రోజు, అదే వేళకు మీ బడి ఆవరణలో నిలబడి, నేల మీద మీ నీడ ఎటు పడుతోందో చూడండి. నీడ పడకపోతే, మబ్బు లేని రోజైతే, అడ్డంగా కొండో చెట్టో ఉన్నట్టు. ఇంకో చోటు వెతుక్కోవడానికి అప్పటికి ఏడాది సమయం ఉంటుంది.

మొన్నొక సాయంత్రం పక్కింటావిడ దగ్గర బూందీ గరిటె అరువు అడిగాను. చిల్లులు దగ్గర దగ్గరగా ఉంటే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి, మూడింట రెండు చిల్లులు పిండి ముద్దతో మూసెయ్యాలి. మీటరు దూరాన గోడకు ఎదురుగా పట్టుకుంటే సున్నం మీద వరసగా చిట్టి సూర్యుళ్ళు పడ్డారు. మనవలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆవిడ కాసేపు చూసి, గ్రహణం నాడు ఇవన్నీ కొరికినట్టు అవుతాయని చెబితే నమ్మీ నమ్మనట్టు తలూపి, “తర్వాత ఈ గరిటె వంటకి వాడొచ్చా మాస్టారూ, కడగాలా?” అంది.

కడిగితే మంచిదే అన్నాను. నూనె జిడ్డుకి సగం చిల్లులు ముందే మూసుకుపోయి ఉన్నాయి.